పుక్కిలింత

మార్చి 1, శనివారం
షిజువోకా కమ్యూనిటీ హాల్లో ఎయిర్‌బ్రష్ క్లాసులో, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్ పట్టడం నేర్పే క్లాసులో, చేరాను. అరవై ఒకటో ఏట. ఏడుగురిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. అన్నయ్య కియోనోబు తను పనిచేసిన ట్యూనా చేపల పడవకి అరచేతంత మోడల్ కట్టాడు, రెండు చలికాలాలు కూర్చుని. రంగు వేసేలోపే చూపు మందగించింది. వేసవి దాటితే ఏమీ కనిపించదని డాక్టర్ చెప్పాడట. ఆలోగా రంగు వేసి చూపించాలి. అంతే నా పని.

ఇవాళ ప్లాస్టిక్ చెంచాల మీద ప్రాక్టీస్. మోచిజుకి మాస్టారు ఒకటికి నాలుగుసార్లు చెప్పారు, వెళ్ళేముందు పుక్కిలింత మానకండి అని. శుభ్రత తెలిసిన మనిషి. ఇంటికి రాగానే పుక్కిలించడం మాకు చిన్నప్పటి అలవాటే, ఇక్కడ వెళ్ళేటప్పుడూ అన్నమాట. రంగు ఆవిరి గొంతుకి మంచిది కాదు కదా. నాలుగున్నర బస్సుందని అందరికంటే ముందు లేచి, సింకు దగ్గర మూడుసార్లు పుక్కిలించి వచ్చేశాను. గన్లు హాల్లోనే, పేర్లు రాసిన డబ్బాల్లో ఉంటాయి.

మార్చి 8
నా డబ్బా ఎవరో ముట్టుకున్నారు. గన్ మూతి ఎడమకి పెట్టాను, కుడికి ఉంది. రంగు పల్చన చేసే థిన్నర్ సీసాలో రెండు వేళ్ళంత తగ్గింది. ట్యూనా చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేశాను, నా కత్తి ఎవరు తీసినా పసిగట్టేదాన్ని. పక్క కుర్చీ నుమాటా మీద అనుమానం. రిటైరైన పోస్ట్‌మాన్. మాట్లాడడు. నేను పుక్కిలిస్తుంటే మాత్రం గుడ్లప్పగించి చూస్తాడు.

మార్చి 15
మళ్ళీ తగ్గింది. మూత మీద ఉమ్మితో తలవెంట్రుక అంటించి వచ్చాను.

మార్చి 22, సాయంత్రం 6
వెంట్రుక లేదు. ఆగలేకపోయాను. నా గన్‌తో మీకేం పని అని అందరిముందే అడిగేశాను. నుమాటా చెవులదాకా ఎర్రబడ్డాడు. తప్పయిపోయిందని నడుం వంచి, తన డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. దొంగ దొరికాడు. ఆ ఊపులో పడవకి తెల్లరంగు పూర్తి చేసేశాను. ఎరుపు కూడా గన్‌లో పోసి చెంచా మీద చూసుకున్నాను. గన్ డబ్బాలో పెట్టి, పుక్కిలించి, బస్సెక్కాను.

మార్చి 29
గన్ ఊపిరి తీయలేదు. గట్టిగా నొక్కాను. ఎర్రరంగు ముద్ద తుపుక్కున వచ్చి తెల్లటి పడవ మీద పడింది. ఏడుపొచ్చింది. మాస్టారు మూతి విప్పితే, పోయిన వారం రంగు లోపల గడ్డకట్టి ఉంది. పుక్కిలింత చేయలేదా అన్నారు.

"ఏ వారమూ మానలేదండీ. ఆ సింకు దగ్గరే."

మాస్టారు నా గన్ చేతిలోకి తీసుకున్నారు.

"మీరు కాదండీ. గన్ పుక్కిలించాలి."

మూతికి గుడ్డ అడ్డంపెట్టి మీట నొక్కారు. గాలి వెనక్కి తన్ని గన్ మీది చిన్న గిన్నెలో పోసిన థిన్నర్ గుడగుడలాడింది. లోపలి రంగంతా బయటికొచ్చింది. అదట పుక్కిలింత. ఈ పనిలో అందరూ అలాగే అంటారట. నుమాటా ప్రతి వారం ఆఖర్న రెండు గన్లు కడిగేవాడట. రెండూ అతనివే అనుకున్నారట మాస్టారు.

సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 30
నుమాటా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో వంగినదాన్ని లేవలేకపోయాను. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. అంత శ్రద్ధగా పుక్కిలించే మనిషికి అది కాదని ఎలా చెప్పను అన్నాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. శనివారం క్లాసుకి వచ్చి, మరక అరగదీయడం నేర్పుతానన్నాడు. నిజంగా వస్తాడా, మర్యాదకి అన్నాడా? నా బుద్ధి ఇంతే.

మార్చి 31
అన్నయ్య పడవని ముక్కుకి ఆనించుకుని అటూ ఇటూ తిప్పాడు. శనివారం ఈ ఎరుపు తీసేస్తానన్నాను.

"ఉండనీవే. నాకు కనిపిస్తున్నది అదొక్కటే."