పీల్చే మందు రాసిన రోజులు

నవంబరు 3
ఓపీలో సగం మంది ఆయాసం వాళ్లే. చలిగాలి మొదలైతే చాలు...

కొండమ్మ అనే ఆవిడ వచ్చింది, సీతారామపురం అవతలి పల్లె నుంచి. గొర్రెలు మేపుకునే మనిషి. ఛాతీ నిండా పిల్లికూతలు. "సూదెయ్యి మేడమ్. పాత డాక్టరు సూదేస్తే సాయంత్రానికి గొర్రెలెంట పొయ్యేదాన్ని."

వెయ్యలేదు. నాకు ముందున్న వాళ్లందరూ అదే సూది, అవే బిళ్లలు. అది నాతో ఆగాలని నా పంతం. పీల్చే మందు రాశాను — చిన్న ప్లాస్టిక్ పరికరంలో గొట్టం మాత్ర పెట్టి, నోటితో గట్టిగా లాగేది. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. ఎలా వాడాలో మందులిచ్చే రమణయ్య గారు చూపిస్తారు. బయట క్యూలో అప్పటికే గోల.

నవంబరు 5
ఉదయగిరిలో మీటింగ్. పీల్చే మందులు రాస్తున్నానని పైవాళ్లు మెచ్చుకున్నారు. పొంగిపోయాను — అబద్ధమెందుకు.

నవంబరు 10
కొండమ్మకు తగ్గలేదు. "వాడుతున్నావా?" "ఒక్కపూట గూడా మానలా మేడమ్." పూటకు రెండు చేశాను. ఇంకేమీ అడగలేదు. మళ్లీ సూది మాటెత్తితే కసురుకున్నాను.

నవంబరు 17
పొద్దున్నే కొండమ్మను ఆటోలో తెచ్చాడు భర్త మాలకొండయ్య. భుజాలు ఎగరేసి ఊపిరి తీస్తోంది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆక్సిజన్, నెబ్యులైజర్, వద్దన్న సూదులూ వేశాను. కాస్త తేరుకుంది.

"ఆ మందు ఎలా పీలుస్తున్నావో చూపించు."

"పీల్చేదేంది మేడమ్... నీళ్లు పోసుకోని మింగుతుండా గదా."

రెండు వారాలు. మింగింది.

రమణయ్య గారి దగ్గరికి పరిగెత్తాను. "పరికరాలు స్టాకు లేవు మేడమ్. మీరు చీటీలో మాత్రలు రాసినారు, ఇచ్చినాను." ఎలా వాడాలో చెప్పారా అని అడిగాను. "మీరే చెప్పుంటారనుకున్నా మేడమ్," అన్నారు. మరి నేను చెప్పానా?

మళ్లీ ఆయాసం ఎక్కువైంది. 108లో ఆత్మకూరు ఆసుపత్రికి పంపాలి. రెఫరల్ చీటీలో ఎందుకు ముదిరిందో రాయాల్సిన చోట ఆగాను. సిస్టర్ నెమ్మదిగా అంది — "మందు సరిగా వాడలేదని రాయండి మేడమ్. అబద్ధం కాదు గదా."

రాశాను.

నవంబరు 18, ఉదయం
ఇవే మాత్రలు ఇంకెవరికి రాశానో రిజిస్టర్ తిరగేస్తున్నాను. వరికుంటపాడు ఆయనొకరు. ఇంకో ముసలావిడ. వాళ్లూ మింగుతున్నారా... భయంగా ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం
ఆత్మకూరు నుంచి మాలకొండయ్య ఫోన్. కొండమ్మకు ఇంకా ఆక్సిజన్ మాస్కు తియ్యలేదట.

"మందు సరిగా వాడలేదంట గదా అని ఈడ డాక్టరు అడుగుతుండాడు మేడమ్. అది ఏడస్తా ఉండాది. మీరు రాసినట్టే మింగింది, ఒక్కపూట తప్పలా. ఆ మాటొకటి ఆయనకు చెప్పండి మేడమ్. మా మనిషిది తప్పు లేదని. ఇదో, ఫోను ఆయనకిస్తుండా..."

"హలో, చెప్పండి డాక్టర్," అన్నాడు ఆత్మకూరు డాక్టరు.

కట్ చేశాను. సిగ్నల్ పోయిందనుకుంటారు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆమె ఎలా వాడిందో ఆయనకు తెలియాలి. తెలియకపోతే నయమయ్యాక మళ్లీ అవే మాత్రలిచ్చి పంపుతారు. తెలుసు.

ఫోన్ మోగుతోంది. ఆత్మకూరు నంబరే.