తల అతికించిన గిటారు

అక్కా, ఫ్యాక్టరీ మిషనులో నలిగిన చేతికి కట్టు విప్పేశారు, అమ్మను కంగారుపడొద్దను. వేళ్ళు కదిలిస్తూ ఉండమని డాక్టరు చెబితే పాత ఎలక్ట్రిక్ గిటారు ఒకటి కొన్నాను. అమ్మిన వడ్రంగి తీగలు చుట్టే దాని తల వెనక సన్నటి గీత చూపించి, "ఇక్కడ విరిగితే నేనే అతికించాను. దాచి అమ్మితే నాకు నిద్ర పట్టదు" అన్నాడు. తీగలు బిగించి నా చేతికిచ్చాడు. ఉంగరం వేలు రెండుసార్లు జారింది, మూడోసారి నొక్కితే తీగ మోగింది. అతుకు కదల్లేదు. "చెయ్యి పనికొస్తుందోయ్" అన్నాడాయన.

నా నీలం స్వెట్టరు పంపు. అమ్మకు కళ్ళజోడు మార్పించారా? పిల్లలకు ముద్దులు.

ఈ కార్డును ముందుగా నాన్నే చదువుతారని తెలుసు. నాన్నా, నేను ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళను, ఆ వడ్రంగి దగ్గరే పనికి కుదిరాను. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ ఉత్తరం రాయండి. మీకు నమస్కారాలు.