వాన పైకి కురిసిన సినిమా

కసెన్యి రేవు,
ఆదివారం.

మా వారికి,

మీ ముందు మోకరిల్లి పలకరిస్తున్నాననుకోండి. ఇక్కడ అత్తయ్య, నేను, కోళ్లు అందరం బాగున్నాం. ఆ ఎడారి ఎండలో గేటు దగ్గర కాపలా నిలబడే మీకు కాస్త నీడ దొరుకుతోందనే నమ్ముతున్నాను. ఫోనులో మీరు మాట్లాడతారు, నేను ‘ఊఁ’ అంటాను, ఈలోగా అత్తయ్య ఫోను లాక్కుంటుంది. అందుకే మీరున్న ఊరికే పనికి వస్తున్న కిజ్జా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అత్తయ్య మోకాలి గురించి అడిగారు. నొప్పి తగ్గలేదు, తిట్టే ఓపికా తగ్గలేదు. ఇంటి రేకు వానకు కారుతుంటే కవీసి వచ్చి తారు పూసి వెళ్లాడు. మీ శిష్యుడు మంచివాడు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను, తర్వాత రాయబోయేది చదివి అతని మీద కోపం తెచ్చుకోవద్దు.

కొత్త మైకు కొన్నానని రాశారు. పెట్టె మూత తీసి రోజూ ఒకసారి చూసుకుంటున్నారట కదా. ఆ వాక్యం చదివి చాలాసేపు పొయ్యి ముందే కూర్చున్నాను. చపాతీ మాడింది.

ఆ మబ్బుల రాణి సినిమా రెండో భాగం వచ్చిందా, జనం ఏమన్నారు, నన్ను తలుచుకున్నారా అని అడిగారు. ఫోనులో అడిగినప్పుడు ‘ఊఁ’ అన్నాను. ఆ ‘ఊఁ’లో దాచింది ఇప్పుడు రాస్తాను.

మొదటి భాగానికి లుబ్వామా సినిమా హాల్లో మీరు వీజేగా తెర పక్కన మైకు పట్టుకుని, ఆ పరాయి భాష మాటలకు మన భాషలో కథ చెప్పిన రోజు గుర్తుందా? ఆ మబ్బుల లోకపు రాణి పేరు నోరు తిరగడం లేదని ఆవిడకు నా పేరు పెట్టేశారు. “చూడండర్రా, మా నబుకీర ఎగిరిపోతోంది! ఇంట్లో పులుసు మాడుతోంది, ఈవిడేమో మబ్బులెక్కింది!” అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. నేను హాలు గుమ్మం పక్క నీడలో ఉన్న నా చపాతీల బల్ల కిందికి వంగి, పడని గరిటె కోసం వెతికాను. అప్పటి నుంచి రేవులో నేను రాణినే. “రాణీగారూ, రెండు గుడ్లేసి చుట్టండి” అని చపాతీ అడుగుతారు.

రెండో భాగం వచ్చిన మధ్యాహ్నం పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. గుమ్మం దాకా జనం. ఇంకా మొదలవకముందే, “మన వీజే ఎడారికి పోయి గేటు కాస్తున్నాడు, ఈ కవీసిగాడు ఏం చెబుతాడో!” అన్నారు. అంటే మిమ్మల్ని తలుచుకున్నారు. ఇది నిజం.

సినిమాలో ఎర్రటి సరస్సు ఒకటి ఉంది. ఆ సరస్సులోంచి వాన పైకి కురుస్తుంది. ఒక్కో చినుకులో ఒక్కో చిన్న సూర్యుడు వెలుగుతూ లేస్తాడు. ముసలి బుకెన్యా లేచి నిలబడి, “మన సరస్సు ఇలా చేస్తే చేపల్ని చెట్లెక్కి కోసుకోవాలిరా!” అని అరిచాడు.

“నువ్వెక్కితే చెట్టే విరుగుద్ది తాతా, కూర్చో! మాకు రాణి కనబడట్లేదు!”

కవీసి బాగానే చెప్పాడు. మీలాగే దగ్గాడు, మీలాగే ‘అయ్యయ్యో’ అని సాగదీశాడు. కానీ రాణి ఆ వానలోకి నడిచే చోట వెనక నుంచి ఎవరో “ఆపు! నోరు మూసుకో!” అని అరిచారు. ఆ వెంటనే హాలంతా అందుకుంది. “నిజమేరా, ఆపు! కళ్లారా చూడనివ్వు!” కవీసి మైకు కట్టేశాడు. ఆ తర్వాత చివరి దాకా మాట లేదు. పల్లీల పొట్టు ఒలిచిన చప్పుడు కూడా లేదు. అందరి మొహాల మీద ఆ ఎర్రటి వెలుగు పడి, బుకెన్యా తాత కూడా చిన్నవాడిలా కనిపించాడు.

బయటికి వచ్చాక గొడవ మొదలైంది. “ఆ గాజుకోటలో వాడు రాణి తమ్ముడు.” “తమ్ముడేంట్రా గుడ్డివాడా, మొగుడు!” “మొగుడైతే అలా వదిలేసి పోతాడా?” ఒక్కొక్కరు ఒక్కో కథతో ఇంటికి పోయారు. అయినా మర్నాడు మళ్లీ వచ్చారు, చూడటానికే. లుబ్వామాకు విషయం అర్థమైంది. మాటలు లేకుండానే హాలు నిండుతుంటే వీజేకి కూలి ఎందుకు? ఇప్పుడు తెర పక్కన మీరు కూర్చునే కుర్చీలో సోడా పెట్టెలు ఉన్నాయి. కవీసి చేపలు మోస్తున్నాడు.

ఆ అరిచింది నేనండీ.

బజారులో చపాతీ ధర చెప్పడానికే గొంతు రాని నేను. నాకు సినిమా చూడాలని కాదు. ఆ చీకట్లో కవీసి మీ గొంతుతో, “నబుకీరా, నా బంగారం, ఒక్కసారి ఇటు చూడు” అన్నాడు. నేను నిజంగానే అటు చూశాను. తెర పక్కన మీరు లేరు. ఇంకో మగవాడు మీ గొంతుతో నన్ను పిలుస్తున్నాడు. భరించలేకపోయాను. నా బాధ నాది, అది జనానికి వేరేలా వినిపించింది. మీరు తిరిగొచ్చి కూర్చోవలసిన కుర్చీని నా నోటితో నేనే తీసేశాను. అంతకన్నా సిగ్గు ఏమిటంటే, ఆ నిశ్శబ్దంలో ఆ వాన నాకూ నచ్చింది.

నిన్న లుబ్వామా దగ్గరికి వెళ్లి మోకరిల్లాను. అంతా చెప్పేద్దామనే. నోరు తెరిచాను. “ఏంటమ్మా, బల్ల జరుపుకోవాలా?” అన్నాడు. తల ఊపేశాను. ఇప్పుడు నా బల్ల ఎండలో ఉంది.

రోజూ ఎవరో ఒకరు చపాతీ తింటూ అడుగుతారు, “చివర్లో రాణి ఆ వానలో నిలబడి ఏం చెప్పింది వదినా? మీ ఆయన ఉంటే చెప్పేవాడు.” ఆ భాష నాకేం తెలుసు? పెదవులు కదిలాయి, అంతే. అప్పుడు మీ గొంతు ఏమంటుందో ఊహించి ఆ పెదవుల మీద పెట్టుకున్నాను. అది వాళ్లకు చెప్పే మాట కాదు.

అడిగినవాళ్లతో మాత్రం, “ఆయన వచ్చి చెబుతారు” అంటున్నాను. నిన్న గట్టిగానే అన్నాను, అవతలి బల్ల వాళ్లకు కూడా వినబడింది. లుబ్వామాకు వినబడే దాకా అంటాను.

కోప్పడండి, కానీ మైకు అమ్మకండి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు, మీ ఇల్లాలు,
నబుకీర