లింగమూర్తిగారు అడిగితే

సూరిబాబూ,

ఇంటాయన లింగమూర్తిగారు అడిగితే, చిన్నప్పుడే నిన్ను మేనమామకి దత్తత ఇచ్చేశారని చెప్పు. ఒక్క ముక్క కూడా మార్చకు. మనం అన్నదమ్ములం కాదని ఆయనకి అనుమానం వచ్చింది. మీ అమ్మ రాసిన ఉత్తరం మీద నీ ఇంటిపేరు చూశాడు. ఏమీ కాని ఇద్దరు బ్రహ్మచారులకి గది ఇవ్వనన్నాడని అన్నదమ్ముల నాటకం మొదలెట్టింది నువ్వు, జవాబులు చెప్పుకుంటున్నది నేను!

పొద్దున నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, "మీ అమ్మ రాసిందట గద, జర చదువు, నేను గూడ ఇంట" అన్నాడు. అది పరీక్షే. నాకు అమ్మ లేదని తెలిస్తే సాయంత్రానికి మన పెట్టెలు లింగంపల్లి స్టేషన్లో ఉంటాయి. స్టేషను, బజారు నడిచిపోయే దూరంలో మళ్ళీ గది దొరకదు. అందుకే నీ ఉత్తరం చించి చదివాను, ఏమనుకోకు.

"ఒంటిపూట తిని సరిపెట్టుకోకు నాయనా, చిక్కిపోతే నేను చూడగానే పట్టేస్తాను" అని రాసింది. అక్కడ ఆగి, ఆ వరుసే మళ్ళీ చదివాను. ఆయన నా మొహం చూసి, "ఇగ చాలు తియ్, ఆమె కొడుకువే నువ్వు" అని లోపలికి పోయాడు.

అయినా నమ్మకు. నిన్ను విడిగా అడుగుతాడు. కిటికీ పక్కన చెవి పెట్టే మనిషి. ఇది చదివాక అగ్గిపుల్ల గీసి తగలెట్టు. నేను రెండింటి బండికి పనికి పోతున్నాను.

విశ్వపతి

అమ్మకి జవాబు రాసేటప్పుడు కింద నాకు రెండు వరుసలు వదులు.