అమ్మ గొంతున్న డిస్కు

ఆర్నెల్, ఇంటికి రాగానే కంప్యూటర్ ఆన్ చెయ్యకు. ప్లగ్గు నేనే పీకాను. ఆన్ చేసిన ప్రతిసారీ డిస్కులో ఉన్నది ఇంకొంచెం చెరిగిపోతుందట. నేను జీప్నీలో మండావే వెళ్ళి, రిపేరు షాపు తినోయ్‌ని వెంటబెట్టుకొస్తా. చేపల పులుసు వేడిచేసి నాన్నకి పెట్టు.

అమ్మ జపమాల చెప్పిన రికార్డింగులన్నీ నిన్న మాయమయ్యాయి. పోయినవి వెతికిపెట్టే ప్రోగ్రాం తెరిస్తే, ఇది పాతబడింది, కొత్తది వేసుకోమంది. వేశాను. పొద్దున తినోయ్‌కి ఫోన్ చేసి చెప్తే, "అయ్యో తల్లీ, చెరిగినవాటిని వెతికే ప్రోగ్రాంని అదే డిస్కులో ఎక్కించావా? అది సరిగ్గా వాటి చోట్లోనే కూర్చునుంటుంది" అన్నాడు.

అమ్మ మంచంలో ఉన్నప్పుడే ఇంకోచోట కాపీ పెట్టరా అని చెవినిల్లు కట్టుకుని పోరాను. రేపు, రేపు అన్నావు. ఇప్పుడు నిన్ను అని లాభం లేదు. తుడిచేసింది నేను. రేపు అమ్మ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకి చుట్టాలంతా వస్తారు, వాళ్ళకి నేనే చెప్పుకుంటాను.

నాన్నకి మాత్రం ఇంకా చెప్పలేదు. రోజూలాగే మూడింటికి అమ్మ గొంతు వినడానికి వచ్చి కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుంటాడు. కరెంటు పోయిందని చెప్పు. ఫ్యాను కూడా కట్టెయ్, లేకపోతే నమ్మడు.