బట్టతల మీద హక్కులు

చిట్టి లాయరుకి,

పిన్ని ఆశీస్సులు. కళాకృతుల చట్టం చదువుతానంటే "బొమ్మలకి కోర్టెందుకే" అని నవ్వాను కదా, ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను. మీ బాబాయి కూర్చుని పేపరు చదువుతున్న బొమ్మ మా వీధి సెలూన్ ఆయన కొన్నాడు. నా జన్మలో అమ్ముడుపోయిన ఒకే ఒక్క బొమ్మ! ఆ బట్టతల మీద కిటికీ వెలుగు పడేలా చెయ్యడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. నిన్న వెళ్ళి చూద్దును కదా, ఎవరో దాని మీద ఒత్తుగా నల్లటి జుట్టు వేసేశారు! కింద నా సంతకం. ఆ చీపురుకట్ట నా పనేననుకోరూ? ఇక నేను తలెత్తుకు తిరిగేదెలా? చట్టం ఏమంటుంది?

నీ పిన్ని

తా.క. మీ బాబాయి "పోనిద్దూ" అంటున్నారు. కళంటే ఆయనకి బొత్తిగా పట్టింపు లేదు.

---

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి హాస్టల్ మంచం మీద గంతులేశాను. బాధ నీదే, కాదనను, కానీ సరిగ్గా ఇదే పాఠం మొన్న చెప్పారు! కొన్నవాడికి బొమ్మ వస్తుంది గానీ, దాన్ని పాడుచేసి గీసినవాళ్ళ పరువు తీసే హక్కు రాదు. వెళ్ళి గట్టిగా చెప్పు.

నీ లాయరు (ప్రస్తుతానికి ఫస్టియర్)

తా.క. ఫీజు వద్దు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే చాలు.

---

లాయరమ్మకి,

గట్టిగా చెప్పమన్నావు కదా, సెలూన్ కుర్చీలో కూర్చుని న్యాయం జరిగేదాకా లేవనన్నాను. సగం గడ్డానికి నురగతో ఒకాయన గోడకానుకుని నిలబడిపోయాడు పాపం. "నేను ముట్టుకోలేదమ్మా. అయినా సెలూన్లో బట్టతల కంటే ఇదే నయం కదండీ" అన్నాడు ఓనరు. మరెవరు వేశారంటే కత్తెర వెతుక్కుంటాడు! ఒళ్ళు మండింది. రేపు టర్పెంటైన్ గుడ్డ పట్టుకెళ్ళి నేనే తుడిచేస్తాను. నా హక్కేగా!

నీ పిన్ని

తా.క. బాబాయి రోజూ సెలూన్‌కెళ్తున్నారు. నా తరఫున నిఘా అట. అక్కడ ఆయనకి కత్తిరించడానికేముందని అడక్కు.

---

పిన్నీ, నమస్కారాలు తర్వాత, ముందు గుడ్డ కింద పెట్టు!

బొమ్మ ఆయన సొత్తు. అడక్కుండా ముట్టుకుంటే కేసు నీ మీదే పడుతుంది. కుంచె పట్టిందెవరో ముందు తేలాలి. క్లాసంతా కలిసి నోటీసు రాసేశాం. ప్రతివాది పేరు దగ్గర ఖాళీ వదిలాం. పేరు పంపు, ఎవరైనా సరే వదిలేది లేదు!

నీ లాయరు

తా.క. నోటీసులో "దుర్మార్గుడు" అన్న మాట నాది. మాస్టారు కొట్టేస్తే మళ్ళీ రాశాను.

---

చిట్టితల్లికి,

ఆ ఖాళీలో మీ బాబాయి పేరు రాసుకో.

రంగుల పెట్టె తెరిస్తే నల్లరంగు ట్యూబు అడుగంటా పిండేసి ఉంది. వెనక్కి తిరిగితే ఆయన, చొక్కా అంచు మీద మరక దాచుకుంటూ. "పెళ్ళైనప్పట్నుంచీ చెట్లూ కుండలూ గీశావు. నన్ను గీసింది ఇప్పుడే. నలుగురూ చూసేచోట, నువ్వు నన్ను మొదటిసారి చూసినప్పటిలా ఉండాలనిపించింది" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా కోపం ఎటు పోయిందో తెలీదు.

నోటీసు చింపెయ్యి. సెలూన్ ఆయన్ని అడిగే ఆ చీపురుకట్ట తుడిచి, ఆనాటి పక్కపాపిడితో సహా నేనే వేశాను. కిటికీ వెలుగు ఇప్పుడు జుట్టు మీద పడుతోంది.

నీ పిన్ని

తా.క. చెవి పక్కన ఒక పాయ మాత్రం ఆయన వేసిందే. తుడవబోతే "నేను వేసింది పాడుచేస్తే నా పరువేం కావాలి? నోటీసిస్తా" అన్నారు. నీ ఉత్తరాలన్నీ చదివేసినట్టున్నారు. సంతకం కూడా పెడతారట.