పెదవుల మధ్య గుండుసూదులు

వదినా,

ఒకే కప్పు కింద ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వు. కింద దుకాణంలో నా నోట్లో గుండుసూదులుంటాయి, మాట్లాడలేను. పైన ఇంట్లో అన్నయ్య ముందు నోరు విప్పితే గొడవవుతుంది. అందుకని మధ్యలో మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇన్నాళ్లకు నా చేత కలం పట్టించింది నిన్న నువ్వు నీ కూతురితో అన్న మాట.

నన్నందరూ మెతక మనిషంటారు. గొంతు పెంచడం దేవుడి ముందు మర్యాద కాదని నమ్మినదాన్ని. ఈ కోపం పాపమైతే దాన్ని కూడా ఆయన పాదాల దగ్గరే పెట్టి రాస్తున్నాను.

అమ్మ తర్వాత కుట్టు దుకాణం నీ చేతికొచ్చింది. మా ఆయన పోయాక నేను నీ చేతికిందికొచ్చాను. మనిషి వేసుకుని నిలబడ్డ పొడుగు పెళ్లిగౌను అంచు సరిచేయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, పెదవుల మధ్య వరసగా సూదులు పట్టుకోవాలి, ఒక్కొక్కటీ తీసి గుచ్చాలి. అదీ మన దుకాణం పద్ధతి. సూదులు గుచ్చి ఉంచుకోవడానికి మణికట్టుకు గుడ్డ మెత్త కట్టుకుంటానంటే, "అది తగిలి పట్టు పోగు లేస్తుంది, వద్దు" అన్నావు. గౌను వేసుకు చూడడానికి వచ్చినవాళ్లతో, "మా ఆడపడుచు నోరు తెరిస్తే ముత్యాలు రాలవండీ, సూదులు రాలతాయి" అన్నావు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, పెదవులు కదపకుండా. ఆడపడుచు అర్ధమొగుడని సామెత కట్టినవాడు మన దుకాణం గడప తొక్కలేదు.

వేసవి మొదలైనప్పటి నుంచి ప్రార్థనలో ఒక్క పాదం కూడా ఒకే ఊపిరిలో చెప్పలేకపోతున్నాను. ఛాతీ పట్టేస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గుండెజబ్బేమోనని వణికాను. "కిటికీ తియ్యి వదినా" అంటే, "తెల్లగుడ్డ మీద దుమ్ము పడుతుందే, కాస్త ఓర్చుకో" అన్నావు. డాక్టరు చూసి గుండె బాగుందన్నాడు, ఊపిరితిత్తులూ బాగున్నాయన్నాడు. ఊపిరి తీసుకునే తీరే బాగాలేదని వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి పంపాడు. ఆ మాట చెబితే నువ్వన్నది నాకింకా చెవుల్లో ఉంది. "గాలి పీల్చడానికి కూడా బడికెళ్లాలా? పుట్టిన పిల్లలకు ఏ మాస్టారు నేర్పాడే?"

ఆ అమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి నా చెయ్యే నా పొట్ట మీద పెట్టింది.

"ముక్కుతో నెమ్మదిగా పీల్చండమ్మా. పొట్ట పైకి రావాలి. మీకు భుజాలే లేస్తున్నాయి. ఇంకాస్త లోతుగా... భయమెందుకు?"

"లోతుగా పీలిస్తే సూది గొంతులోకి పోదా?" అన్నాను.

"ఏ సూదమ్మా?"

పెదవులు తడుముకున్నాను వదినా. ఏమీ లేదు. ఆ బల్ల మీదే వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పటి నుంచి గమనిస్తున్నాను. భోజనం చేస్తూ, నిద్రకు ఒరుగుతూ, చివరికి దేవుడికి దండం పెట్టుకుంటూ కూడా లేని సూదులకు భయపడి పైపైనే పీలుస్తున్నాను. నాకీ జబ్బు ఏ దుమ్మూ తేలేదు. నువ్వు తెచ్చావు.

నిన్న గలగలా వాగే పిల్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి పెదవుల మధ్య సూదులు పెట్టావు. "అత్తను చూసి నేర్చుకో. చెయ్యీ ఆడుతుంది, నోరూ కుదురుగా ఉంటుంది" అన్నావు. దాని భుజాలు చెవుల దాకా లేచాయి. నేను చూశాను, నువ్వు చూడలేదు. నన్నిలా చేసింది చాలదా? ఊపిరి దేవుడిచ్చింది, నీ కత్తెరకు కొలతలిచ్చి కోయించుకునే గుడ్డ కాదు.

సోమవారం నుంచి దుకాణానికి రాను. వేరే గది చూసుకుంటున్నాను. పిల్ల నోట్లో మళ్లీ సూది కనిపించిందో, దుకాణం నడిమధ్య నిలబడి, వచ్చినవాళ్లందరి ముందూ ఇదంతా చెబుతాను. ఈ ఉత్తరం నీ కత్తెర కింద పెడుతున్నాను.

నీ ఆడపడుచు

వదినా,

రానన్నదాన్ని వచ్చాను కనుక, ఎందుకొచ్చానో కూడా కాగితం మీదే ఉండనీ.

ఉత్తరం చదివి నా గదికొస్తావనుకోలేదు. క్షమించమనలేదు, నీకా మాట రాదు. "సూదులుంటే ఊపిరాడదా? ఏదీ, చూడు" అంటూ నాలుగు సూదులు పెదవుల మధ్య పెట్టుకుని పంతంగా నా ముందు కూర్చున్నావు. నీ పొట్ట మీద చెయ్యి పెట్టి "పీల్చు" అన్నాను. పొట్ట కదల్లేదు. భుజాలు లేచాయి. నీ మొహం రంగు మారింది. సూదులు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకున్నావు.

"కాపురానికొచ్చిన వారానికే మీ అమ్మ పెట్టిందే ఇవి నా నోట్లో. కొత్త కోడలికి మాటలెక్కువ, ఇదే మందు అంది."

నాకు జాలి కలగాలి. కలగలేదు. "తెలిసి తెలిసి కన్నకూతురికెలా పెట్టావే!" అని అరిచాను. మెట్లన్నీ మోగాయి. ఏం కూలిందోనని అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. నువ్వు మాత్రం నన్నే చూస్తూ, "ఇంత గొంతు ఎక్కడ దాచావే?" అన్నావు. నా చెయ్యి నా పొట్ట మీదుంది. పొట్ట నిండుగా పైకి లేచి ఉంది.

మర్నాడు మెట్లు దిగి చూస్తే దుకాణం కిటికీ తెరిచి ఉంది. పిల్ల మణికట్టుకు నువ్వు కుట్టిన మెత్త, నా బల్ల మీద ఇంకొకటి. ఎగుడుదిగుడుగా కుట్టావు, గౌన్లు కుట్టే చెయ్యేనా అది? కట్టుకున్నాను. నా కోపం పోలేదు వదినా. కొంత అమ్మ మీదికి మళ్లింది, అంతే.

ఈ కాగితాలు దాచు. అన్నయ్యకు గానీ పిల్లకు గానీ చూపించకు. ఏ తొందరలోనో నీ చెయ్యి సూదుల డబ్బా నుంచి నోటి దాకా వెళ్లిన రోజున, నువ్వొక్కదానివే తీసి చదువుకో.

నీ ఆడపడుచు